దీపం లేని తులసికోట

మా ఆయనకి ఏ కష్టమొచ్చినా దానికి ఒక మీటింగ్ పెట్టడం అలవాటు. పెళ్ళయిన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే మంచం పక్కన కుర్చీ వేసుకుని, "విద్యా, దీన్ని మనం ఎలా అప్రోచ్ అవుదాం?" అని అడిగిన మనిషి. నేను ఎమ్మే ఎకనామిక్స్ చదివి ఇరవై ఏళ్ళుగా పప్పులో పోపు పెడుతున్నదాన్ని కనక మీటింగుల మహిమ నాకు తెలియదని ఫణిగారి గట్టి నమ్మకం. మొన్న శనివారం పొద్దున కూడా మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబుల్ చుట్టూ నన్నూ, మా అమ్మాయి రియానీ, తన తల్లి రాజేశ్వరమ్మగారినీ కూర్చోబెట్టి, లాప్‌టాప్ తెరిచి, "ముందు రూట్ కాజ్ ఏంటో చూద్దాం" అన్నారు.

రూట్ కాజ్ ఆయనకి ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

పోయిన వారం పీటర్ ఫోన్ మోగిన దగ్గర ఆపాను. ఆ ఫోన్ ఎందుకు మోగిందో మరిచిపోయినవాళ్ళకీ, మధ్యలో పత్రిక అందనివాళ్ళకీ మళ్ళీ చెప్తాను. మాకు దగ్గర్లో లైబ్రరీ వెనకాల ఒక హోలోకాస్ట్ స్మారక కేంద్రం ఉంది. హిట్లర్ మనుషులు చంపిన యూదుల పేర్లు చెక్కిన నల్లరాతి గోడ, దాని ముందు ఒక బల్ల. ప్రతి ఆదివారం ఆ బల్ల దగ్గర ఇలోనా వైస్ అనే తొంభై దాటిన ఆవిడ కూర్చుంటుంది. పదమూడేళ్ళప్పుడు హంగరీ నుంచి రైలుపెట్టెలో ఆష్‌విట్జ్ అనే చావు క్యాంపుకి చేరి, బతికి బయటపడ్డ మనిషి. స్కూలు పిల్లలు వచ్చి ఆవిడని ప్రశ్నలడుగుతారు. హిట్లర్‌ని చూశారా అంటాడొకడు. ఫొటో తీసుకోవచ్చా అంటుందొకతి. ఆ ఫొటో ఆవిడ మొహానికి కాదు, ఎడమ ముంజేతి మీద ఆ క్యాంపువాళ్ళు పొడిచిన నంబరుకి.

మా రియా ఏడాదిగా ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ కథ నేర్చుకుంటోంది. చూసినవాళ్ళు వెళ్ళిపోయాక చెప్పడానికి ఎవరో ఒకరుండాలని ఆ కేంద్రంవాళ్ళు బతికున్న ఒక్కొక్కరికీ ఒక్కో పిల్లనో పిల్లాడినో జత చేశారు. వచ్చే గురువారం స్మరణదినం. ఆ రోజు ఇలోనా పక్కన నిలబడి, రియా మొదటిసారి ఆ కథ చెప్పాలి.

మూడు ఆదివారాల కిందట మా అత్తగారిని ఇంట్లో ఒంటరిగా వదిలితే పోపు పెట్టి పొగ అలారం మోగిస్తారని మాతో పాటు అక్కడికి తీసుకెళ్ళాం. అలారం ఇంట్లో మోగినా బాగుండేది. ఇలోనా చేతి మీద నంబరు చూడగానే అత్తగారి మొహం వెలిగిపోయింది. పైట తప్పించి తన ముంజెయ్యి తెచ్చి ఆవిడ చేతి పక్కన ఆనించారు. ఎప్పుడో చిన్నప్పుడు పొడిపించుకున్న తులసికోట, అందులో దీపం, ఆకుపచ్చగా అలుక్కుపోయి ఉంటుంది ఆ చేతి మీద. "అక్కయ్యగారూ, మీ ఊళ్ళోనూ పొడిపిస్తారా? మంచిదండి. నగలూ నట్రా అన్నీ ఇక్కడే వదిలేసి పోతాం. పచ్చబొట్టు ఒక్కటే మనతో పైకొస్తుంది. దాన్ని చూసే అక్కడ మనవాళ్ళు మనల్ని గుర్తుపడతారు" అన్నారు.

ఏమంటోందని ఇలోనా రియాని అడిగింది. విన్నది విన్నట్టు చెప్పడమే ఏడాదిగా నేర్చుకున్న నా కూతురు విన్నది విన్నట్టు చెప్పేసింది.

ఆ రోజు తర్వాత ఇలోనా కేంద్రానికి రాలేదు. శుక్రవారం సాయంత్రం ఆవిడ కొడుకు పీటర్ ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ వంటింట్లో గిన్నెలు తోమే ఇనుప పీచు తీసుకుని ఆ నంబరు పోయేదాకా రుద్దుకోబోయిందట. ఆ వయసులో చర్మం ఉల్లిపొర. పైగా రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతోంది. రక్తం ఆపడానికి ఆస్పత్రివాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చింది. కట్టు విప్పగానే మళ్ళీ అదే పని చేస్తానంటోందట. ఇంకోసారైతే మా వల్ల కాదని డాక్టరు చెప్పేసింది. పీటర్ మా మీద కోప్పడలేదు. కోప్పడితే కాస్త తేలికపడేదాన్ని. "మీ అత్తగారు ఒక్కసారి వచ్చి మాట్లాడతారా? ఆ గుర్తు వెంట రాదని ఆవిడ నోటి నుంచి వింటే తప్ప నమ్మనంటోంది మా అమ్మ" అని బతిమాలాడు.

అదీ మీటింగ్‌లో ఉన్న విషయం.

మా ఆయన ప్రతిపాదన పళ్ళబుట్ట పంపిద్దామని. పళ్ళబుట్ట మాట విని రియా లేచి వెళ్ళిపోయి బాత్‌రూమ్ తలుపు వేసుకుంది. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఏమీ తినలేదు. ఇలోనాకి ఏమన్నా అయితే ఆ కథ చెప్పే హక్కు తనకి లేదని, చంపినవాళ్ళ పక్కన తనూ నిలబడ్డట్టేనని రాత్రి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. పదిహేడేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది? జుట్టు నిమిరాను.

అందుకని నేనే అత్తగారి చేతిలో చిక్కుడుకాయ లాక్కుని అడిగాను. "అత్తయ్యా, సోమవారం వెళ్దాం. ఆవిడతో ఒక్క మాట చెప్పండి. అది నాటు నమ్మకం, ఊరికే అన్నాను, ఏదీ మనతో రాదు అని. అంతే చాలు."

"రాదని నేనెలా చెప్పనే?" అన్నారు ఆవిడ. "మరి నా చెల్లెల్ని నాకు పట్టిచ్చిందేమిటి?"

ఆ చెల్లెలి కథ మా ఇంట్లో అందరికీ కంఠతా.

అత్తగారికి చాముండేశ్వరి అని ఒక చెల్లెలుండేది. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే రోజు, ఒకే అరుగు మీద కూర్చోబెట్టి తులసికోట పొడిపించారు. అత్తగారు పళ్ళు బిగించి చివరిదాకా ఓర్చుకున్నారు. చాముండి మాత్రం కోట గోడలు అయ్యేసరికి చెయ్యి విదిలించుకుని పరిగెత్తి గడ్డివాములో దాక్కుంది. కోటలో పొడవాల్సిన దీపం పొడవకుండానే ఉండిపోయింది. అందుకని మా ఇంట్లో సగంలో వదిలేసిన పనికల్లా 'చాముండి కోట' అని పేరు. మా ఆయన బిగించబోయి వదిలేసిన పుస్తకాల అర చాముండి కోట. నేను చేద్దామనుకున్న పీహెచ్‌డీ చాముండి కోట. రియా కూడా తన కాలేజీ అప్లికేషన్ గురించి "ఇట్స్ స్టిల్ ఎ చాముండి కోట" అంటుంది. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వేది అత్తగారే.

చాముండిని దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరికిచ్చారు. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చింది. నీళ్ళు తీశాక పుట్టింటి నుంచి తండ్రీ, మా అత్తగారూ వెతుక్కుంటూ వెళ్ళారు. అక్కడ శవాల్ని వరసగా పడుకోబెట్టారట. మొహాలు ఆనవాలు పట్టేలా లేవు. తండ్రి చూడలేక గట్టు మీద కూలబడిపోతే, ఈవిడే ఒక్కొక్క చెయ్యీ తిప్పి చూసుకుంటూ వెళ్ళి, దీపం లేని తులసికోట దగ్గర ఆగారు. నేను కాపురానికొచ్చిన ఏడాది విన్నాను ఈ కథ. ఎప్పుడు చెప్పినా చివరి మాట ఒకటే. "పచ్చబొట్టే లేకపోతే నా చెల్లి దిక్కులేని శవమైపోయేది."

అలాంటి మనిషిని అది వట్టిదని చెప్పమంటున్నాం మేము.

సోమవారం కేంద్రానికి సెలవు. పీటర్ అడిగి తలుపు తీయించాడు. ఇంటి దగ్గర కలుద్దామంటే ఇలోనా ఒప్పుకోలేదట, గోడ ముందే మాట్లాడతానందట. మా ఆయన మమ్మల్ని దింపి, ఆఫీసు ప్రొడక్షన్ సిస్టమ్ ఏదో పడిపోయిందని కార్లోనే హెడ్‌సెట్ తగిలించుకున్నారు. దారి పొడుగునా చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. అత్తగారు తుమ్ముతూనే ఉన్నారు. కారు దిగేముందు ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి మళ్ళీ గుర్తు చేశాను. "చూద్దాంలే" అన్నారు. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో ఆ మాటకి కుదరదని అర్థం.

లోపల దీపాలు సగమే వేసి ఉన్నాయి. గోడ కింద చప్టా మీద, చూడ్డానికొచ్చినవాళ్ళు పెట్టిపోయిన గులకరాళ్ళు. అత్తగారు చెప్పులు బయటే విడిచి, తనూ ఒక రాయి ఏరుకొచ్చి పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఎవరూ నేర్పలేదు.

ఇలోనా తన బల్ల దగ్గరే కూర్చుంది. మూడు వారాల్లో మనిషి సగమైంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. దాని మీదికి స్వెట్టర్ లాగి, ఇంకో చేత్తో పట్టుకునుంది. వెనకాల పీటర్ నిలబడ్డాడు. అరవై దాటినవాడు, నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. నేను క్షమాపణతో మొదలుపెట్టబోయాను. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని వచ్చిన వాక్యం. ఇలోనా చెయ్యెత్తి ఆపేసింది. తనకి అలాంటివి చాలా అందాయట, చోటు లేదట.

ఆవిడ రియా వైపు కూడా చూడలేదు. అత్తగారినే చూస్తూ ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడింది. రియా తెలుగు చేసింది.

ఏళ్ళ తరబడి ఈ చెయ్యి చూసి జనం ఏడ్చారట. కొందరు ముద్దు పెట్టుకున్నారట. నవ్వి తన చెయ్యి తెచ్చి పక్కన పెట్టింది మాత్రం రాజేశ్వరమ్మగారు ఒక్కరే. అందుకని ఆ మాట నమ్మాలనిపించిందట. మిగతావాళ్ళు పుస్తకాలు చదివి మాట్లాడతారు, ఈవిడ చెయ్యి చూసి మాట్లాడింది.

పీటర్ కల్పించుకుని, తమ మతంలో అలాంటి నమ్మకమేదీ లేదని తమ మతగురువు రబ్బీ స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడన్నాడు.

"రబ్బీ చేతి మీద ఏముందని ఆయనకి తెలుస్తుంది?" అంది ఇలోనా.

ఇంకో సందర్భంలో అయితే ఆ మాటకి నేనూ ఆవిడా స్నేహితులమైపోయేవాళ్ళం.

తర్వాత ఆవిడ చెప్పింది రియాకి ముందే తెలుసు. ఏడాదిగా నేర్చుకుంటున్న కథే. రైలు దిగగానే తల్లినీ, తల్లి చెయ్యి పట్టుకున్న చిన్న చెల్లెలు జుజినీ ఒక వైపుకి తోశారు. ఇలోనాని ఇంకో వైపుకి. తల్లీ, జుజీ వెళ్ళిన వైపువాళ్ళకి నంబర్లు వేయలేదు. సాయంత్రానికి లేనివాళ్ళకి నంబరెందుకు? ఇక్కడిదాకా రియా గడగడా తెలుగు చేసింది. ఆ తర్వాతి మాటలు ఏడాదిలో ఎన్నడూ విననివి. వాటి దగ్గర ఆగి ఆగి చెప్పింది.

"మా అమ్మ నన్ను చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి శుభ్రంగా ఉంది. ఆ తర్వాత నాకేం జరిగిందో ఆమెకి తెలియదు. ఇన్నేళ్ళూ నాకున్న ఊరట అదొక్కటే. మా అమ్మకి తెలియదు. నేను కూడా వెనకాలే వస్తున్నాననుకుని ఉంటుంది, లేదా ఎవరో మంచివాళ్ళు తీసుకెళ్ళారనుకుని ఉంటుంది. ఇప్పుడు ఈ చేత్తో వెళ్తే అంతా తెలిసిపోతుంది. నేను ఈ చేత్తో వెళ్ళను."

పీటర్ మొహం అటు తిప్పుకున్నాడు. కొడుకై ఉండి అతనూ ఆ మాట ఇప్పుడే విన్నాడని నాకర్థమైంది.

నేను అత్తగారి చెవి దగ్గర వంగాను. "అత్తయ్యా, ఇప్పుడు. కాదని చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అత్తగారు పైట కొసతో ముక్కు తుడుచుకున్నారు. "మాది సముద్రం చేసింది. దానికి తెలిసి చేయలేదు. వీళ్ళది మనుషులు చేశారు, చూసి చూసి చేశారు. ఆ తల్లి ముందు నేను నిలబడి అబద్ధమాడమంటావా?" అన్నారు. తర్వాత, మాతో కాదు, తనలో తను అనుకున్నట్టు, "కాదంటే చాముండి ఏమైపోవాలి?" అన్నారు.

చాముండి ఎవరని ఇలోనా అడిగింది. రియా నా వైపు చూసింది. చెప్పొద్దని నేను తలూపేలోపే, ఉప్పెనా, వరసగా పడుకోబెట్టిన శవాలూ, తులసికోటా అన్నీ రెండు ముక్కల్లో చెప్పేసింది. ఈ పిల్లకి అబద్ధం నేర్పించని పాపం నాదే.

ఇలోనా బల్ల మీద ముందుకి వంగింది. అంత ఆకలి నేను మనిషి మొహంలో ఎప్పుడూ చూడలేదు. తనకి తల్లి శవం లేదు, జుజి శవం లేదు, గోడ మీద రెండు పేర్లున్నాయి అంతే.

"నువ్వు చూశావా? నీ కళ్ళతో నువ్వు చూశావా? చేతి మీద గుర్తు చూసి నీ చెల్లెల్ని పట్టుకున్నావా?"

రియా అదే తెలుగులో అడిగింది. అత్తగారు తల కిందికి దించి ఊఁ కొట్టారు.

"అయితే నిజమే" అంది ఇలోనా. ఎవరో తీర్పు చదివినట్టు వెనక్కి వాలింది. "నీకు పనిచేసిందంటే నిజమే."

స్వెట్టర్ పైకి లాగి కట్టు విప్పడం మొదలుపెట్టింది. ఏ తొందరా లేకుండా, పెరట్లో నూలు చుట్ట విప్పుకుంటున్నట్టు. పీటర్ ఆ చెయ్యి పట్టుకోబోయి, ఎక్కడ పట్టుకున్నా చర్మం ఊడొస్తుందని భయపడి, గాల్లోనే చేతులు పెట్టుకుని ఉండిపోయాడు. "అమ్మా, వద్దు" అంటున్నాడు, చిన్నపిల్లాడిలా. లోపలి పొర రక్తానికి అతుక్కుపోయింది. ఆవిడ దాన్నీ లాగింది. మొదటి ఎర్ర చుక్క బల్ల మీద పడింది.

నేను ఫోన్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను. చేతికి చిక్కుడుకాయ తగిలింది. మొన్న అత్తగారి చేతిలోంచి లాక్కున్నది.

రియా నేల మీద కూర్చుండిపోయి, నానమ్మ చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుంది. దాని తెలుగు ఎప్పుడూ అరకొరే. అప్పుడు మరీ ముక్కలైపోయింది.

"నానమ్మా, నువ్వు ఆ రోజు ఏం చెప్పావో నేను అదే చెప్పాను ఆమెకి. నేను స్టాప్ చేయలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. ఏదైనా చెప్పు. నేను అదే చెప్తాను. ప్లీజ్ నానమ్మా. షి విల్ డై."

అత్తగారు మనవరాలి తల వైపు చూశారు. తర్వాత గోడ వైపు చూశారు. ఆవిడకి ఆ అక్షరాలు చదవడం రాదు. అయినా ఎవరినో వెతుకుతున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశారు. తర్వాత బల్ల చుట్టూ నడిచి వెళ్ళి ఇలోనా ముందు నిలబడి, తన ముంజెయ్యి తీసి ఆ రక్తం మీద, సగం విప్పిన కట్టు మీద అడ్డంగా ఆనించారు. గట్టిగా నొక్కలేదు. ఊరికే కప్పారు. ఇలోనా చెయ్యి ఆగింది. పీటర్ నేల మీద కూర్చుని కట్టు కొస పట్టుకున్నాడు.

"అమ్మలూ, లే. కళ్ళు తుడుచుకో. నేనన్నది అన్నట్టు చెప్పు. ఒక్క ముక్క కూడా మింగకు" అన్నారు రియాతో.

రియా లేచి నిలబడింది.

"అక్కయ్యగారూ, మా అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పడుకుంది ఇంట్లో. చాముండి దొరికిందన్న కబురొస్తేగాని లేవనంది. మా నాన్న గట్టు మీంచి లేవలేకపోయాడు. ఎండ ఎక్కుతోంది. శవాలన్నిటినీ కలిపి తగలబెట్టేస్తామంటున్నారు. నేనొక చెయ్యి ఎత్తి, ఇదిగో నాన్నా అన్నాను. మా నాన్న ఆ శవం మొహం కడిగి పసుపు రాశాడు. మా అమ్మ ఆ సాయంత్రం మంచినీళ్ళు తాగింది."

రియా ఇంగ్లీషులో చెప్పడం ఆపేసింది. ఇలోనా "ఏమంటోంది?" అని అడిగింది.

అత్తగారి చెయ్యి ఇలోనా చేతి మీద అలాగే ఉంది. కిందనుంచి ఎర్రదనం పాకి తులసికోట అంచు తాకింది.

"ఇక్కడ పట్టుకోలేకపోయాను కాబట్టి అక్కడైనా గుర్తుపడతానని చెప్పుకుంటూ వచ్చాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. అది మీకూ అంటగట్టాను. ఏ గుర్తూ ఎవర్నీ పట్టివ్వదు అక్కయ్యగారూ. నేను తప్పు చెప్పాను. మీకే కాదు, మా అమ్మకీ నాన్నకీ, నా కొడుక్కీ, ఇదిగో వీళ్ళందరికీ తప్పే చెప్పాను. ఆ రోజు నేనెత్తి చూపించిన చెయ్యి మా చాముండిది కాదు. ఆ కోటలో దీపం ఉంది."